ట్రోమ్సోకు బయలుదేరే ముందు

2010 డిసెంబరులో మేము నార్వే ఉత్తర కొసన ఉన్న ట్రోమ్సో పట్టణానికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఆ కోరిక మాలో అందరికంటే ముందు మా అత్తయ్యగారికి పుట్టింది. ఆమె ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. మధ్యాహ్నం వేళ పాఠకులు తగ్గినప్పుడు ఖగోళశాస్త్ర పత్రికలు తిరగవేస్తూ, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆకాశంలో పచ్చగా కదిలే అరోరా వెలుగుల గురించి చదివి, ఒక్కసారైనా వాటి కింద నిలబడాలని అప్పుడే అనుకున్నారట. ఉద్యోగంలో ఉన్నంతకాలం తీరిక దొరకలేదు. తరువాత ఆమె కంటి శస్త్రచికిత్స, నా పురుడు, మా వారి ఉద్యోగ మార్పు ఒకదాని వెంట ఒకటి అడ్డుపడ్డాయి. అన్నీ కుదిరాయనుకున్న సమయానికి సూర్యుడే నెమ్మదించాడు. సూర్యుని మీద మచ్చల సంఖ్య సుమారు పదకొండేళ్ళకు ఒకసారి పెరిగి తగ్గుతూ ఉంటుంది, దానితో పాటే అరోరా వెలుగులూ పెరిగి తగ్గుతాయి. ఆ చక్రం 2008 డిసెంబరులో అట్టడుగుకు చేరింది, 2009లో కూడా మచ్చలే లేని రోజులు ఎన్నో గడిచాయి. "ఇంకొక్క ఏడాది ఆగుదాం అమ్మాయీ, సూర్యుడు మేలుకోనీ" అని ఆవిడే వాయిదా వేశారు.

నిజానికి ట్రోమ్సో వంటి చోట సూర్యుడు మేలుకోవడం కోసం అంతగా ఎదురుచూడవలసిన అవసరం లేదు. భూమి అయస్కాంత ధ్రువం చుట్టూ వలయంలా ఏర్పడే అరోరా పట్టీ కిందనే ఆ పట్టణం ఉంది కనుక, సూర్యుడు మందగించిన సంవత్సరాలలో కూడా మబ్బు లేని రాత్రి అక్కడ వెలుగులు కనబడే అవకాశం బాగానే ఉంటుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా అంతకాలం దాచుకున్న కోరిక అరకొరగా తీరకూడదన్న పట్టుదల ఆమెది, దాన్ని నేను గౌరవించాను. 2010 ఎంపికకు ఇంకొక కారణం కూడా ఉంది. ఆ డిసెంబరు 21న సంపూర్ణ చంద్రగ్రహణం పడుతోంది, ఖగోళ లెక్క ప్రకారం దక్షిణాయనం ముగిసే రోజు కూడా అదే. ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. అదే రోజులలో పున్నమి చంద్రుడు అస్తమించకుండా ఆకాశం చుట్టూ తిరుగుతూ ఉంటాడు. అందువల్ల అక్కడివారికి ఆ గ్రహణం ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో, ఉత్తర దిక్కున, మొదటి నుంచి చివరి వరకు కనబడుతుందని ఆమె లెక్క వేసి చూపించారు. పగటిపూట, సూర్యుడు లేని ఆకాశంలో, గ్రహణచంద్రుడు! ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో వెలిగిన ఉత్సాహం చూశాక, మిగిలిన పనుల భారం నేనే తీసుకుంటానని అన్నాను. 18వ తేదీన బయలుదేరి, మర్నాటికి చేరుకుని, నెలాఖరులోపు తిరిగి రావాలన్నది మా ప్రణాళిక.

నార్వేతో పాటు చాలా ఐరోపా దేశాలకు ఒకే వీసా చెల్లే షెంగెన్ ఏర్పాటు ఉంది. దాని అప్పటి నిబంధనల ప్రకారం ప్రయాణానికి మూడు నెలల కంటే ముందు వీసాకు దరఖాస్తు చేయడానికి వీలు లేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కొత్త వీసా నియమావళి అమలులోకి వచ్చింది, తెలిసినవారు చెప్పే పాత అనుభవాలు సగం పనికి రాలేదు. తిరుగు ప్రయాణపు తేదీ తరువాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, అది పదేళ్ళలోపు జారీ అయినదై ఉండాలి, కనీసం రెండు పుటలు ఖాళీగా ఉండాలి. అత్తయ్యగారి పాస్‌పోర్టు గడువు ఈ లెక్కకు కొద్దిలో చాలలేదు. కొత్తది చేయించి, దరఖాస్తులు సిద్ధం చేసేసరికి అక్టోబరు నెల సగం దాటింది.

బీమా దగ్గర అంతకంటే ఎక్కువ తిరిగాము. కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నింటిలోనూ వర్తించే బీమా ఉండాలి. అత్యవసర వైద్యంతో పాటు, అవసరమైతే రోగిని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా అందులో ఉండాలి. అత్తయ్యగారికి అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. ఎంతోకాలంగా మధుమేహం ఉండి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటున్నారు. వయసు విని ఒకరు, జబ్బు విని ఒకరు వెనక్కి తగ్గారు. చివరికి ఒప్పుకున్నవారు ఇచ్చిన ధ్రువపత్రంలో స్వదేశానికి చేర్చే ఖర్చు గురించి ఒక్క మాట కూడా లేదు. ఆ ఖర్చు ఒప్పందంలో ఉందని వారు అన్నారు. కాగితం మీద కనబడాలని దరఖాస్తు తీసుకునేవారు అన్నారు. ఒక వాక్యం కోసం ఆ ధ్రువపత్రం రెండు కార్యాలయాల మధ్య తిరుగుతూ ఉండగా, అత్తయ్యగారు మాత్రం గ్రహణం గంటల పట్టిక రాసుకుంటూ, మా పాపకు చంద్రుని కళలు నేర్పిస్తూ కూర్చునేవారు. ఆమెకు ఈ తిప్పలేవీ తెలియనివ్వకూడదని నేను, నా కంగారు తనకు తెలిసిపోయిందని నాకు తెలియనివ్వకూడదని ఆమె, ఇద్దరమూ జాగ్రత్త పడ్డామని ఇప్పుడు అర్థమవుతోంది.

సాధారణంగా పదిహేను రోజులలో తేలవలసిన దరఖాస్తు, అదనపు పరిశీలన అవసరమైతే ముప్పై రోజుల వరకు సాగవచ్చని అప్పటి నియమం. మాది సాగింది. విమాన టికెట్లు, బస, అన్నీ ఆ ముద్ర పడుతుందన్న నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. మొత్తానికి నవంబరు మూడో వారం గడిచాక పాస్‌పోర్టులు చేతికి వచ్చాయి. నాలుగింటిలోనూ వీసా ఉంది. ఆ సాయంత్రం అందరం కలిసి వీసా మీద రాసిన ప్రతి అక్షరాన్ని సరిచూశాము. అప్పుడే ఒక సంగతి గమనించాను: ప్రయాణ తేదీల తరువాత మరో పదిహేను రోజుల వరకు వీసా చెల్లుతుందని ఉంది, కాని ఉండగలిగే రోజుల సంఖ్య మాత్రం మేము అడిగినంతే. అనుకోని ఆలస్యాల కోసం ఆ వెసులుబాటు ఇస్తారని తరువాత తెలిసింది. దాని విలువ నాకు ఆ రోజు తెలియలేదు.

రెండు రోజులు గడవకముందే పాపకు జ్వరం వచ్చింది. మర్నాటి ఉదయం వీపు మీద, పొట్ట మీద ఎర్రని పొక్కులు లేచాయి. ఆటలమ్మ అని అత్తయ్యగారు చూడగానే చెప్పారు, డాక్టరుగారు కూడా అదే అన్నారు. అప్పటికి ప్రయాణానికి మూడు వారాలకు పైగా గడువు ఉంది కనుక పాప విషయంలో భయపడనవసరం లేదని, కొత్త పొక్కులు లేవడం ఆగి, ఉన్నవన్నీ ఎండి చెక్కు కట్టాక ఇక అంటుకోదని, అప్పుడు విమానంలో ప్రయాణించవచ్చని ఆయన ధైర్యం చెప్పారు. కావాలంటే ఆ మేరకు ధ్రువపత్రం ఇస్తానన్నారు. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే అత్తయ్యగారు కొంచెంసేపు ఆలోచించి, "పాప సంగతి సరే అమ్మాయీ, వీడికి చిన్నప్పుడు రాలేదు" అన్నారు. వీడు అంటే మా వారు.

ఆ ఒక్క మాటతో నెల మొత్తం మారిపోయింది. ఆటలమ్మ సోకిన పది రోజుల నుంచి ఇరవై ఒక్క రోజులలోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్నీ ఎండేవరకు అంటుకుంటూనే ఉంటుంది. పాప నాన్నను వదిలి పడుకోదు. సోకవలసి ఉంటే అప్పటికే సోకి ఉండాలి. గోడ క్యాలెండరు ముందు నిలబడి లెక్క వేస్తే, ఆయనకు పొక్కులు లేచే అవకాశం ఉన్న రోజులు డిసెంబరు మొదటి వారంలో మొదలై, మా ప్రయాణం రోజును దాటి ఇరవయ్యో తేదీ వరకు వెళుతున్నాయి. పెద్దవారికి వస్తే పిల్లలకంటే తీవ్రంగా వస్తుందని, ఊపిరితిత్తులకు కూడా పాకవచ్చని విన్నప్పుడు, విహారయాత్ర మాట అటుంచి ఆయన ఆరోగ్యం గురించే నాకు బెంగ పట్టుకుంది. డాక్టరుగారు ఆలస్యం చేయనివ్వలేదు. రోగితో కలిసి ఉన్న మూడు రోజులలోపు, మహా అయితే ఐదు రోజులలోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆపవచ్చు, వచ్చినా తేలికగా పోవచ్చు అని చెప్పి ఆ రోజే వేశారు. అత్తయ్యగారికి, నాకు చిన్నతనంలోనే వచ్చిపోయింది కనుక పాప మంచం పక్కన మేమిద్దరం వంతులవారీగా కూర్చున్నాము.

ఆ రాత్రులు నాకు బాగా జ్ఞాపకం. పాప దురదకు గోక్కోకుండా చేతులు పట్టుకుని అత్తయ్యగారు ఆకాశం కబుర్లు చెప్పేవారు. అరోరా పచ్చరంగు భూమికి వంద కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువుల నుంచి వస్తుందని, ఇంకా పైకి వెళితే అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుందని ఆరేళ్ళ పిల్లకు అర్థమయ్యే మాటలతో చెప్పడం విని నేను ఆశ్చర్యపోయాను. ఒక రాత్రి పాప నిద్రపోయాక, "ప్రయాణం ఆగిపోతే మీకు బాధగా ఉంటుందా అత్తయ్యా?" అని అడిగాను. "ఉండదని ఎలా చెప్పను? ఉంటుంది. కాని నా బాధ నేను పడతాను, దానికోసం నువ్వు నిద్ర మానుకోకు" అన్నారు. పెద్దవారు సాధారణంగా అలాంటప్పుడు ఏమీ పరవాలేదని అంటారు. ఆమె నిజం చెప్పారు. ఆ నిజాయితీ వల్ల నాకు దిగులు పెరగలేదు, ఆమెను ఎలాగైనా తీసుకువెళ్ళాలన్న పట్టుదల పెరిగింది.

పాప కోలుకుంది. మా వారి ఒంటి మీద రోజూ ఉదయం వెలుతురులో వెతుకుతూనే, ఇటు సామాను సర్దడం మొదలుపెట్టాను. చలి గురించి మేము ఊహించుకున్నంత భయం అవసరం లేదని చదివి తెలుసుకున్నాను. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ట్రోమ్సోలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు నాలుగైదు డిగ్రీలు మాత్రమే కింద ఉంటుంది. అయితే అరోరా కోసం రాత్రి పూట గంటల తరబడి కదలకుండా నిలబడడం వేరు. ఒంటిని అంటుకుని ఉన్ని బట్ట, దాని మీద వెచ్చని పొర, పైన గాలి చొరబడని కోటు వేసుకోవాలి. నూలు బట్ట చెమటను పట్టి ఉంచుతుంది కనుక లోపల అది పనికిరాదు. బూట్లలో మందపాటి మేజోడు వేసుకున్నాక కూడా వేళ్ళు కదలాలి, బిగుతుగా ఉంటే పాదం తొందరగా చల్లబడుతుంది. మంచు గడ్డ మీద జారకుండా బూట్ల కింద తగిలించే ముళ్ళ పట్టీలు అత్తయ్యగారికి ప్రత్యేకంగా తెప్పించాను, ఎందుకంటే ఆ వయసులో పడితే ఎముక విరుగుతుంది.

వీటన్నిటికంటే ఇన్సులిన్ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వేడికి ఇన్సులిన్ పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పాడవుతుందన్న సంగతి అంతగా తెలియదు. ఒకసారి గడ్డకట్టి కరిగిన మందు చూడడానికి మామూలుగానే ఉండవచ్చు, కాని దాన్ని వాడకూడదు. అందుచేత మందును విమానం అడుగున వేసే పెట్టెలో పెట్టకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి, బయట తిరిగేటప్పుడు కోటు లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. చేతిసామానులో ద్రవాలు వంద మిల్లీలీటర్లకు మించకూడదన్న నిబంధన అవసరమైన మందులకు వర్తించకపోయినా, సూదుల వల్ల డాక్టరుగారి లేఖ తప్పనిసరి అనుకున్నాను. రక్తంలో చక్కెర చూసే యంత్రం కూడా చలిలో సరిగా పనిచేయదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, మందును రెండు భాగాలు చేసి, ఒకటి నా సంచిలో, మరొకటి మా వారి సంచిలో సర్దాను. ఎవరి సంచి పోయినా రెండోది మిగలాలి. అవసరమైన దానికి రెట్టింపు తీసుకువెళ్ళమని డాక్టరుగారు చెప్పిన మాట అక్షరాలా పాటించాను. సామాను బరువు పరిమితి దాటితే పెట్టెలోంచి నా బట్టలు తగ్గించాను.

ఇదంతా అయ్యాక, ప్రయాణానికి వారం ముందు, టికెట్ల కాగితాలను పాస్‌పోర్టులతో పోల్చి చూస్తే అత్తయ్యగారి టికెట్టులో ఇంటిపేరు ఉండవలసిన చోట పేరు, పేరు ఉండవలసిన చోట ఇంటిపేరు కనబడ్డాయి. టికెట్లు తీసిచ్చిన ఏజెంటు అది పెద్ద విషయం కాదన్నాడు, నేను ఒప్పుకోలేదు. పాత టికెట్టు రద్దుచేసి కొత్తది ఇచ్చేవరకు ఆ దుకాణంలోనే కూర్చున్నాను.

18వ తేదీ శనివారం. పెట్టెలు గుమ్మం దగ్గరకు చేరాయి. ఆ వారమంతా ఐరోపాలో మంచు కురుస్తూనే ఉందని వార్తలు వస్తున్నాయి. సాయంత్రానికి లండన్ హీత్రో మూతపడిందన్న వార్త వచ్చింది. మా దారి లండన్ మీదుగా కాదు, అయినా ఒక పెద్ద విమానాశ్రయం నిలిచిపోతే మిగిలినవాటిలో రద్దీ ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు. ఆ తరువాత ఫోను వచ్చింది. మేము మారవలసిన విమానాశ్రయంలో కూడా రాకపోకలు కుదించారని, మా ప్రయాణం రద్దయిందని, కొత్త తేదీ తరువాత చెబుతామని అన్నారు. మంచు ఎవరి చేతిలో ఉంది! ఫోను పెట్టేసి అత్తయ్యగారి వైపు తిరిగి చెప్పడానికి నాకు నోరు రాలేదు, మా వారే చెప్పారు. ఆమె విన్నారు. లేచి వెళ్ళి, కోటు విప్పి, మడతపెట్టి, పెట్టె మీద ఉంచారు.

21వ తేదీ వచ్చింది. ఆ గ్రహణం జరిగిన వేళకు మేమున్న చోట పట్టపగలు, చంద్రుడు దిగంతానికి కింద ఉన్నాడు. ఆ రోజు ఆమె పెద్దగా మాట్లాడలేదు, నేను కూడా మాట్లాడించలేదు. సాయంత్రం మాత్రం తన నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "ఇలా చూడు" అన్నారు. పున్నమి నాటి వెలుగులో మసక అరోరా కనబడదు. 21 తరువాత చంద్రుడు రోజురోజుకూ తగ్గుతాడు, 28కి సగమవుతాడు, జనవరి 4కి అమావాస్య. అంటే ఎంత ఆలస్యంగా చేరితే అంత చీకటి ఆకాశం దొరుకుతుంది. గ్రహణం తప్పిపోయింది, అది నష్టమే, దాన్ని ఆమె నష్టమనే అన్నారు. కాని అసలు ఏ కోరికతో ఇన్నేళ్ళు ఆగారో దానికి కొత్త తేదీలే అనుకూలంగా ఉన్నాయి. నేను క్యాలెండరు దగ్గరకు వెళ్ళి ఇంకొకటి చూశాను: మా వారికి ఆటలమ్మ వచ్చే గడువు కూడా అప్పటికి దాటిపోయింది. 18న బయలుదేరి ఉంటే, విమానంలోనో మంచు మధ్యనో ఆయన ఒంటి మీద పొక్కులు వెతుకుతూ ఉండేవాళ్ళం.

ఇక మిగిలింది కాగితాల పని. వీసాలో ఉన్న ఆ పదిహేను రోజుల వెసులుబాటు అప్పుడు అక్కరకు వచ్చింది. అన్ని రోజులూ అక్కడ ఉండడానికి కాకపోయినా, మా రోజులను వెనక్కి జరుపుకోవడానికి సరిపోయింది. బీమా కొత్త తేదీలకు పొడిగించాము. మా వారు సెలవు మార్పించుకున్నారు. ట్రోమ్సోలో బస ఇచ్చేవారు, దారులన్నీ మూసుకుపోయిన వారం కదా అని, అదనంగా ఏమీ అడగకుండా తేదీలు మార్చారు. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

26కి కొత్త టికెట్లు ఖాయమయ్యాక కూడా ఆందోళన తీరలేదు. 24న పారిస్ షార్ల్ ద గాల్ విమానాశ్రయంలో రెక్కల మీది మంచును కరిగించే గ్లైకాల్ ద్రవం చాలక వందలాది విమానాలు రద్దయ్యాయి. రెక్క మీద పలుచని మంచు పొర ఉన్నా గాలి సాఫీగా జారదు, విమానాన్ని పైకి ఎత్తే బలం తగ్గిపోతుంది. అందుకే ఆ ద్రవం చల్లకుండా ఎగరనివ్వరు. మధ్యదారిలో చిక్కుకుంటే అత్తయ్యగారికి వేళకు భోజనం ఎలా అన్నది నా భయం, ఎందుకంటే ఇన్సులిన్ తీసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. 2004 నాటి 261వ నంబరు ఐరోపా నిబంధన ప్రకారం, ఐరోపా విమానాశ్రయంలో చిక్కుకున్న ప్రయాణికులకు వాతావరణం కారణంగా పరిహారం రాకపోయినా, భోజనం, బస ఇవ్వవలసిన బాధ్యత సంస్థదేనని తెలుసుకున్నాక కొంత కుదుటపడ్డాను. అయినా మొత్తంగా రెండు పూటలకు సరిపడే తినుబండారాలు నా సంచిలో పెట్టాను.

26వ తేదీన కౌంటరు దగ్గర అత్తయ్యగారి పాస్‌పోర్టును, టికెట్టును పక్కపక్కన పెట్టి చూసిన అమ్మాయి ఏమీ అనకుండా బోర్డింగ్ పాసు ఇచ్చింది. భద్రతా తనిఖీలో డాక్టరుగారి లేఖ చదివి, మందు సంచి తెరిచి చూసి పంపించారు. విమానం అరగంట ఆలస్యంగా కదిలింది. మధ్యలో దిగిన విమానాశ్రయంలో మంచు ఆగిపోయి ఉంది. రెక్కల మీద ద్రవం చల్లుతూ ఉంటే అత్తయ్యగారు కిటికీ అద్దానికి ముఖం ఆనించి, ఆ పని ఎందుకో పాపకు వివరించడం మొదలుపెట్టారు. పాప వరుసగా ప్రశ్నలు వేస్తోంది, మా వారు ఉత్తరానికి వెళ్ళే ఆ రెండో విమానం ఎప్పుడు చేరుతుందో చూసి, బస ఇచ్చేవారికి కబురు పంపారు.